‘ది ఆఫ్రికన్ క్వీన్’: నవ్వు ఎక్కణ్ణుంచి వస్తుంది, కథలో నిజమెంత

క్లుప్తంగా

1951లో వచ్చిన ‘ది ఆఫ్రికన్ క్వీన్’ని ఒకరు సాహస చిత్రం అంటారు, ఇంకొకరు ప్రేమకథ అంటారు, చాలామంది కామెడీల లిస్టులో పెడతారు, ఇది నిజంగా జరిగిందే అనుకునేవాళ్ళూ తక్కువేం లేరు. ఇందులో జోకులు దాదాపు లేవు, నవ్వంతా పడవ ఇరుకులోంచీ, అందులో ప్రయాణించే ఇద్దరి వయసులోంచీ, మర్యాదలోంచీ పుడుతుంది. కథ వెనక 1915-16లో టాంగన్యికా సరస్సు మీద నిజంగా జరిగిన ఒక యుద్ధం ఉంది, కానీ పడవలోని ఆ ఇద్దరు, అంటే రోజ్, చార్లీ, వాళ్ళ ప్రయాణం మాత్రం కల్పితం. షూటింగ్ కొంత కాంగో, ఉగాండా అడవుల్లో, కొంత లండన్ స్టూడియోల్లో జరిగింది, ఏది ఎక్కడ తీశారన్నది సినిమా ఎలా కుదిరిందో అర్థం కావడానికి చాలా ముఖ్యం.

ఎందుకింత కన్ఫ్యూజన్

కథ చెప్పమంటే ఇలా ఉంటుంది. 1914 సెప్టెంబర్, జర్మన్ ఈస్ట్ ఆఫ్రికా, అంటే ఇప్పటి టాంజానియా, రువాండా, బురుండి ఉన్న ప్రాంతం. అడవి మధ్య కుంగ్డు అనే ఊళ్ళో ఇంగ్లండ్ నుంచి వచ్చిన మెథడిస్టు పాస్టర్ శామ్యూల్ సేయర్, అతని చెల్లెలు రోజ్ చర్చి నడుపుతుంటారు. వాళ్ళకి ఉత్తరాలు, సామాన్లు తెచ్చిచ్చేది చార్లీ ఆల్నట్ అనే కెనడా మెకానిక్కు, అతని బతుకంతా ‘ఆఫ్రికన్ క్వీన్’ అనే డొక్కు ఆవిరి లాంచీలోనే. యుద్ధం మొదలవుతుంది, జర్మన్ సైన్యం వచ్చి ఊరు తగలబెడుతుంది, తుపాకీ మడమతో కొట్టిన దెబ్బకి పాస్టరు మతి చెదిరి జ్వరంతో చనిపోతాడు. చార్లీ అతన్ని పాతిపెట్టి, రోజ్‌ని లాంచీ ఎక్కించుకుంటాడు. యుద్ధం అయిపోయేదాకా ఎక్కడో చాటున దాక్కుందాం అని అతని ఆలోచన. ఆమె ఆలోచన వేరు, నదిలో కిందికి వెళ్ళి సరస్సులో కాపలా కాస్తున్న ‘లూయిసా’ అనే జర్మన్ గన్‌బోటుని పేల్చేయాలి, లాంచీలో జిలెటిన్ ఉంది, ఆక్సిజన్ సిలిండర్లు ఉన్నాయి, వాటితో టార్పెడో చేస్తే సరిపోతుంది కదా అంటుంది.

ఇందులో నవ్వొచ్చే ముక్క ఒక్కటీ లేదు. నిప్పు, చావు, జ్వరం, జలగలు, చివర్లో ఉరితాడు. కాగితం మీద ఇది పక్కా సీరియస్ కథ, సి.ఎస్. ఫారెస్టర్ 1935లో రాసిన నవల కూడా చాలావరకు అలాగే నడుస్తుంది. మరి అదే కథ తెర మీదకి వచ్చేసరికి జనం ఎందుకు నవ్వుతున్నారు అనేదే అసలు ప్రశ్న, దానికి జవాబు మొదటి పది నిమిషాల్లోనే ఉంది.

టీ బల్ల దగ్గర కడుపు చప్పుడు

చర్చిలో పాట అయ్యాక పాస్టరు చార్లీని టీకి పిలుస్తాడు. ఉక్కపోత, ఈగలు, కానీ బల్ల మీద తెల్ల గుడ్డ, పింగాణీ కప్పులు, సన్నగా కోసిన బ్రెడ్డు ముక్కలు, ఇంగ్లండ్‌లో ఆదివారం సాయంత్రం ఎలా ఉంటుందో అచ్చం అలాగే. చార్లీ కూర్చుంటాడు. అతని కడుపు గుర్రుమంటుంది. మెల్లిగా కూడా కాదు, గది మొత్తం వినపడేలా. అన్నాచెల్లెళ్ళు విననట్టే ఉంటారు, రోజ్ ఇంకో కప్పు పోస్తుంది, పాస్టరు ఇంకేదో మాట ఎత్తుకుంటాడు. మళ్ళీ గుర్రుమంటుంది. చార్లీ క్షమించమన్నట్టు చెప్పి, ఏం చేసినా ఆగట్లేదని వివరించబోతాడు, దాంతో పరిస్థితి ఇంకా ఘోరం అవుతుంది, ఎందుకంటే ఇప్పటిదాకా విననట్టు నటించినవాళ్ళకి ఇప్పుడు ఆ దారి కూడా మూసుకుపోయింది.

సినిమా మొత్తం కామెడీ ఎలా పనిచేస్తుందో ఈ ఒక్క సీన్‌లో ఉంది. మర్యాద ఒకవైపు లాగుతుంది, ఒళ్ళు ఇంకోవైపు లాగుతుంది, రెండిటి మధ్య మనిషి ఇరుక్కుంటాడు. ఎవరూ నవ్వించడానికి ప్రయత్నించరు, ముగ్గురూ పరువు కాపాడుకోవడానికి ప్రయత్నిస్తారు, అందుకే నవ్వొస్తుంది. తర్వాత వచ్చే వాన, స్నానం, జలగలు, జ్వరం ఇవన్నీ ఈ కడుపు చప్పుడు సీన్‌కి పెద్ద రూపాలే, కాకపోతే ప్రాణం మీదకి వచ్చే స్థాయిలో.

ఇరుకు లాంచీలో ఇద్దరు

టీ బల్ల దగ్గర అయితే లేచి వెళ్ళిపోవచ్చు. లాంచీలో ఆ అవకాశం లేదు. సినిమాలో వాడిన పడవ 1912లో ఇంగ్లండ్‌లోని లైథమ్‌లో కట్టింది, అసలు పేరు ‘లివింగ్‌స్టన్’, పొడవు దాదాపు 30 అడుగులు. పాపికొండల దగ్గర తిరిగే టూరిస్టు లాంచీలు చూసినవాళ్ళకి ఇది ఎంత చిన్నదో వెంటనే అర్థమవుతుంది. మధ్యలో బాయిలరు, దాని పక్కన కట్టెలు, ముందువైపు సిలిండర్లు, పెట్టెలు, వెనక చుక్కాని. బట్టలు మార్చుకోవడానికి చాటు లేదు, పడుకోవడానికి గోడ లేదు.

మొదటి రాత్రి వాన వస్తుంది. రోజ్ వెనక టార్పాలిన్ కింద పడుకుని ఉంటుంది, బయట తడుస్తున్న చార్లీ ఆ కిందకి దూరతాడు, ఆమె అపార్థం చేసుకుని తరిమేస్తుంది, కాసేపటికి పరదా ఎత్తి చూస్తే అతను వానలో ముద్దయిపోయి ముడుచుకుని ఉంటాడు, పాపం అనిపించి లోపలికి పిలుస్తుంది. మాటలు చాలా తక్కువ. ఒక టార్పాలిన్ ఎవరిది అన్న గొడవతోనే ఇద్దరి సంబంధం ఒక మెట్టు జరుగుతుంది.

లాంచీ ఇంజన్‌కి ఒక జబ్బు ఉంది. బాయిలర్‌లో ఎవరో పనివాళ్ళు వదిలేసిన స్క్రూడ్రైవరు సేఫ్టీ వాల్వు దగ్గర ఇరుక్కుంటుంది, ఆవిరి ఎక్కువైనప్పుడల్లా చార్లీ పరిగెత్తుకొచ్చి దాన్ని కాలితో తన్నాలి, లేకపోతే పేలిపోతుంది. విప్పి తీసేయొచ్చు కదా అని రోజ్ అడుగుతుంది. తీయొచ్చు గానీ తన్నడం తనకి ఇష్టమనీ, తనకంటూ ఉన్నది ఇదొక్కటే అనీ అంటాడు. ఒంటరి మనిషి బతుకు మొత్తం ఆ ఒక్క మాటలో బయటపడుతుంది, అదే సమయంలో నవ్వొస్తుంది, పైగా కథకి కూడా అది పనికొస్తుంది, ఎందుకంటే తర్వాత జర్మన్ కోట ముందునుంచి పోయేటప్పుడు తుపాకీ గుళ్ళ మధ్య ఆవిరి గొట్టం ఊడిపోతుంది, అప్పటికి ఈ ఇంజన్ ఎంత మొండిదో ప్రేక్షకుడికి బాగా తెలుసు కాబట్టి భయం వేస్తుంది. నవ్వుకి వాడిన వస్తువునే భయానికి వాడటం అన్నమాట.

జిన్ సీసాలు

చార్లీ తాగి, నీతులు పాడే బక్క ముసలి కన్య అని రోజ్ మొహం మీదే తిడతాడు. పొద్దున్నే కళ్ళు తెరిచేసరికి ఆమె కేసులకి కేసులు జిన్ నదిలో పోసేస్తూ ఉంటుంది, ఒక్కో సీసా మూత తీసి, ఒంపి, ఖాళీ సీసా నీళ్ళలో వదిలేసి, మళ్ళీ ఇంకోటి. కోపం లేదు, తొందర లేదు, ఇంట్లో పాత్రలు కడిగే పద్ధతిలో చేస్తుంది. ఆ తర్వాత బైబిల్ తెరిచి కూర్చుంటుంది, ఒక్క మాట మాట్లాడదు. చార్లీ గడ్డం గీసుకుంటాడు, బట్టలు ఉతుకుతాడు, ఇంజన్ తుడుస్తాడు, ఎండ గురించి మాట్లాడతాడు, మర్యాదగా ఉంటాడు, చివరికి బతిమాలతాడు. అలిగి మాట్లాడటం మానేసిన ఆడమనిషి ముందు మగవాడి అవస్థ ఏమిటో తెలుగిళ్ళలో విడమరిచి చెప్పక్కర్లేదు. అయితే ఆమె మౌనం తాగినందుకు కాదు, నదిలో కిందికి వస్తానని ఇచ్చిన మాట తప్పినందుకు. ఆ సంగతి తెలిసి అతను బిత్తరపోయే క్షణమే ఈ ఘట్టానికి ప్రాణం.

మిస్టర్ ఆల్నట్ నుంచి చార్లీ దాకా

ఇంగ్లిష్‌లో మీరు, నువ్వు అన్న తేడా లేదు. తెలుగులో ఇద్దరి మధ్య దూరం తగ్గిందని చెప్పడానికి ‘మీరు’ పోయి ‘నువ్వు’ వస్తే చాలు, ఇంగ్లిష్ సినిమాకి ఆ సౌకర్యం లేక పేర్ల మీద ఆధారపడాల్సి వచ్చింది. సగం సినిమా దాకా అతను ఆమెని ‘మిస్’ అంటాడు, ఆమె అతన్ని ‘మిస్టర్ ఆల్నట్’ అంటుంది, చావు పక్కనుంచి పోయినా సరే. కోటనీ, నీటి వడినీ దాటిన సంతోషంలో ఇద్దరూ ముద్దు పెట్టుకుంటారు, మర్నాడు పొద్దున ఆమె టీ తీసుకొచ్చి, డియర్, మీ అసలు పేరేంటి అని అడుగుతుంది. అప్పటిదాకా ఆమెకి అతని పేరు తెలియదు! చార్లీ అని చెప్పగానే ఆ పేరుని రెండుమూడుసార్లు నోట్లో వేసుకుని చూసుకుంటుంది.

వయసు కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. షూటింగ్‌నాటికి చార్లీగా చేసిన హంఫ్రీ బోగార్ట్‌కి 51, రోజ్‌గా చేసిన కేథరిన్ హెప్‌బర్న్‌కి 44. హాలీవుడ్ ప్రేమకథల్లో ఈ వయసు జంట అప్పటికి చాలా అరుదు, ఇప్పటికీ పెద్దగా మారలేదు. కుర్ర జంట అయితే పడవలో దగ్గరవడం ముందే ఊహించేస్తాం, వీళ్ళిద్దరికీ ఆ ఊహే లేదు, వాళ్ళకి లేదు కాబట్టి వాళ్ళ ఆశ్చర్యం మనదవుతుంది. నవలలో చార్లీ లండన్ కాక్నీ యాసవాడు, బోగార్ట్‌కి ఆ యాస కుదరదు కాబట్టి కెనడావాణ్ణి చేసేశారు. అంతకుముందు వార్నర్ బ్రదర్స్ దగ్గర ఈ నవల హక్కులు ఉన్నప్పుడు రోజ్ పాత్రకి బెటీ డేవిస్‌ని అనుకున్నారు, అది ముందుకి సాగలేదు, తర్వాత నిర్మాత శామ్ స్పీగెల్, డైరెక్టర్ జాన్ హ్యూస్టన్ కలిసి తెచ్చుకున్నారు. డబ్బులో బ్రిటన్‌కి చెందిన రోములస్ ఫిల్మ్స్ వాటా ఉంది, అందుకే ఇది చూడటానికి హాలీవుడ్ సినిమా అయినా పనివాళ్ళు చాలామంది ఇంగ్లండ్ వాళ్ళు, స్టూడియో పని కూడా లండన్‌లోనే జరిగింది.

ఎలినార్ రూజ్వెల్ట్ నవ్వు

మొదటి రోజుల్లో హెప్‌బర్న్ రోజ్‌ని మొహం ముడుచుకుని, కఠినంగా చేసిందట. అది చూసి హ్యూస్టన్ ఆమె దగ్గరికి వెళ్ళి ఒక్కటే చెప్పాడు, యుద్ధంలో దెబ్బలు తిన్న సైనికుల్ని చూడటానికి ఆసుపత్రులకి వెళ్ళిన అప్పటి అమెరికా అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్వెల్ట్‌ని గుర్తు తెచ్చుకో, ఆవిడ మొహం మీద ఎప్పుడూ ఒక నవ్వు ఉంటుంది కదా అని. తనకి ఎవరైనా చెప్పిన డైరెక్షన్ అంతటిలో ఇదే గొప్పదని హెప్‌బర్న్ తర్వాత రాసుకుంది.

ఈ సలహా వల్ల ఏం మారిందో చూస్తే సినిమా కామెడీ వైపు ఎలా తిరిగిందో తెలుస్తుంది. కఠినమైన రోజ్ అయితే చార్లీని తిట్టే పంతులమ్మ అయ్యేది, ప్రేక్షకుడు అతని పక్షం చేరి ఆమెని చూసి నవ్వేవాడు. మంచి మర్యాదతో, చిరునవ్వుతో, గన్‌బోటుని పేల్చేద్దాం అనే రోజ్ అయితే ఎవరికీ ఎదురు చెప్పడానికి దారి ఉండదు, చార్లీకీ ఉండదు. మొదటిసారి నీటి వడిలో రాళ్ళ మధ్యనుంచి పడవ దూకాక అతను ఈ దెబ్బకి ఆమె బుద్ధి తెచ్చుకుంటుంది అనుకుంటాడు, ఆమె మాత్రం ఒళ్ళు పులకరించి, ఒట్టి శారీరక అనుభవంలో ఇంత ఆనందం ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదంటుంది. అతని మొహం చూడాలి అప్పుడు.

ఈ సినిమాకి 1952 మార్చిలో బోగార్ట్‌కి ఆస్కార్ వచ్చింది, అతని జీవితంలో అదొక్కటే. అదే ఏడు పోటీలో మార్లన్ బ్రాండో, మాంట్‌గొమరీ క్లిఫ్ట్ ఉన్నారు. హెప్‌బర్న్, హ్యూస్టన్, స్క్రీన్‌ప్లేకి హ్యూస్టన్‌తో కలిపి జేమ్స్ ఏజీ నామినేట్ అయ్యారు గానీ గెలవలేదు. బోగార్ట్ నటన అంతా హెప్‌బర్న్‌కి ఎదురుగా నిలబడి స్పందించడమే, అవతల ఆమె ఆ చిరునవ్వు లేకుండా చేసుంటే ఈ ఆస్కార్ వచ్చేదా అన్నది ఆలోచించాల్సిన విషయమే.

కాంగో ఎంత, లండన్ ఎంత

అప్పటిదాకా హాలీవుడ్‌కి ఉష్ణమండలం అంటే ఎక్కువగా స్టూడియో వెనక పెరట్లో కుండీల్లో పెట్టిన తాటిచెట్లు, తెర మీద వేసిన ఆకాశం. ఈ సినిమాకి కెమెరా పట్టిన జాక్ కార్డిఫ్, 1947లో హిమాలయాల కథ ఒకటి ఇంగ్లండ్‌లోని పైన్‌వుడ్ స్టూడియోలో సెట్లు, పెయింటింగులతో తీసి దానికి ఆస్కార్ తెచ్చుకున్నవాడు. అంటే కాంగోకి వెళ్ళకుండా కాంగో చూపించడం వాళ్ళకి చేతకాని పని కాదు. అయినా హ్యూస్టన్ పట్టుబట్టి బెల్జియన్ కాంగోలో రూయికీ అనే నదికీ, తర్వాత ఉగాండాలో ఆల్బర్ట్ సరస్సు ఒడ్డున బుటియాబాకీ, మర్చిసన్ జలపాతం దగ్గరికీ తీసుకెళ్ళాడు.

అక్కడ కష్టం ఏంటంటే రంగుల సినిమా తీసే టెక్నికలర్ కెమెరా. అది ఒకేసారి మూడు నెగటివ్‌లు తిప్పుతుంది, బీరువాలా ఉంటుంది, వెలుతురు విపరీతంగా కావాలి. 30 అడుగుల లాంచీలో బాయిలరు, ఇద్దరు నటులు, ఈ కెమెరా, లైట్లు పట్టవు. అందుకని తెప్పలు కట్టారు, ఒక తెప్ప మీద లాంచీ నకలు, ఎటు కావాలంటే అటు భాగాలు ఊడదీసేలా, ఇంకో తెప్ప మీద లైట్లు, ఇంకోదాని మీద జెనరేటరు, చివర్లో ఒకటి హెప్‌బర్న్ డ్రెస్సింగ్ రూమ్. ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి తాడుతో కట్టి, వంకర్ల నదిలో ఊరేగింపులా లాగారు, మలుపు దగ్గర ఒక తెప్ప ఒడ్డుకి కొట్టుకుంటే అందరూ ఆగిపోవాల్సిందే. ఒకసారి అసలు లాంచీయే నదిలో మునిగిపోయింది, మనుషులు తాళ్ళతో పైకి లాగాల్సి వచ్చింది.

యూనిట్‌లో చాలామందికి విరేచనాలు, మలేరియా. హెప్‌బర్న్ తాగుబోతుల మీద చిరాకుతో కావాలని నీళ్ళే తాగేది, ఆ నీళ్ళలోనే జబ్బు ఉంది, చర్చి సీన్ తీసేటప్పుడు షాటుకీ షాటుకీ మధ్య వాంతి చేసుకోవడానికి పక్కన బకెట్ పెట్టాల్సి వచ్చింది. బోగార్ట్, హ్యూస్టన్ డబ్బా తిండీ విస్కీతో గడిపారు, ఇద్దరికీ ఏమీ కాలేదు, తమని కుట్టిన ఈగలు చచ్చి పడ్డాయని బోగార్ట్ తర్వాత చెప్పుకునేవాడు. వంట సంగతి, జబ్బుపడ్డవాళ్ళ సంగతి చూసినవాళ్ళలో బోగార్ట్ భార్య లారెన్ బాకాల్ కూడా ఉంది, ఆమె సినిమాలో నటించలేదు, తోడుగా వెళ్ళింది. ఈ అనుభవం మీద హెప్‌బర్న్ 1987లో ఒక పుస్తకమే రాసింది.

ఇక నీళ్ళలోకి దిగే సీన్లు ఆఫ్రికాలో తీయలేదు. ఆ నీళ్ళలో బిల్హార్జియా అనే పరాన్నజీవి ఉంటుంది, కాలు పెడితే చర్మంలోంచి లోపలికి పోతుంది. కాబట్టి చార్లీ తాడు భుజాన వేసుకుని నడుములోతు బురదలో పడవ లాగే సీను, ఒళ్ళంతా జలగలు పట్టుకునే సీను లండన్ స్టూడియో తొట్టెలో తీసినవి, బోగార్ట్ ఒంటి మీద అంటించింది రబ్బరు జలగలు. చూసేవాళ్ళు ఎక్కువగా జలదరించే సీను అదే, అది పూర్తిగా స్టూడియోలో పుట్టింది. దీన్నిబట్టి లొకేషన్ ఏం చేసిందో ఆలోచించొచ్చు: అడవిలో నిజంగా తీసిన అరగంట చూశాక ప్రేక్షకుడి కన్ను నమ్మడం మొదలుపెడుతుంది, ఆ నమ్మకం మీద తర్వాత తొట్టెలో నీళ్ళు కూడా కాంగో నీళ్ళే అవుతాయి. హెప్‌బర్న్ పాలిపోయిన మొహం కూడా అందులో భాగమే, మేకప్పుతో అది రాదు.

జలగల సీన్‌లో అసలు బలం ఆ తర్వాత ఉంది. జలగలన్నీ ఉప్పుతో వదిలించుకున్నాక, వణుకుతూనే చార్లీ నీళ్ళవైపు చూస్తాడు, పడవ కదలాలంటే మళ్ళీ దిగాల్సిందే. దిగుతాడు. ఏమీ మాట్లాడడు. ఆ పిరికి తాగుబోతు ఎక్కడికి వచ్చాడో చెప్పడానికి ఇంకో డైలాగ్ అవసరం రాలేదు.

ఆ వెంటనే ఇద్దరూ రెల్లు మధ్య దారి తప్పి, జ్వరంతో పడిపోతారు, రోజ్ చివరి ప్రార్థన చేస్తుంది, కెమెరా మెల్లిగా పైకి లేస్తుంది, రెల్లు పైనుంచి చూస్తే సరస్సు అక్కడే, కూతవేటు దూరంలో. వాళ్ళకి తెలియదు, మనకి తెలుసు. ఎగువన వాన పడుతుంది, నది పొంగుతుంది, పడవ తనంతట తను తేలి సరస్సులోకి జారుతుంది. ప్రార్థన ఫలించిందా, వాన కాలమా అని సినిమా తేల్చి చెప్పదు, ఆ మౌనం చాలా బాగుంటుంది.

నిజంగా జరిగింది ఏంటి

సినిమాలో చెప్పే ఉలంగా నది టాంజానియాలో నిజంగానే ఉంది, కానీ అది తూర్పుకి పోయి రుఫిజీతో కలిసి హిందూ మహాసముద్రంలో పడుతుంది, ఏ సరస్సులోకీ కాదు. రోజ్, చార్లీలకి అసలు మనుషులు లేరు. ఉన్నది సరస్సు, జర్మన్ ఓడలు.

మొదటి ప్రపంచయుద్ధంలో టాంగన్యికా సరస్సు మీద పెత్తనం జర్మన్లది. వాళ్ళ దగ్గర ‘కింగాని’, ‘హెడ్విగ్ ఫాన్ విస్‌మన్’ అనే చిన్న ఓడలు ఉండేవి, 1915లో ‘గ్రాఫ్ ఫాన్ గోట్సెన్’ అనే పెద్ద ఓడ చేరింది. ఇది జర్మనీలోని పాపెన్‌బర్గ్‌లో తయారై, విప్పి వేల పెట్టెల్లో సర్ది, ఓడలో దారెస్సలాం రేవుకి, అక్కణ్ణుంచి రైల్లో సరస్సు ఒడ్డునున్న కిగోమాకి తెచ్చి మళ్ళీ బిగించిన ఓడ. సినిమాలోని ‘లూయిసా’ దీని నీడే అని చాలామంది అంటారు, తేదీ మాత్రం కుదరదు, కథ 1914లో, అప్పటికి గోట్సెన్ నీళ్ళలోకే దిగలేదు.

వీటిని ఎదుర్కోవడానికి బ్రిటిష్ నేవీ ‘మిమి’, ‘టూటూ’ అనే రెండు మోటారు బోట్లు పంపింది. దళానికి నాయకుడు జెఫ్రీ స్పైసర్ సింప్సన్, ముందు ఆ బోట్లకి పిల్లి, కుక్క అని పేర్లు పెడతానన్నాడు, పైవాళ్ళు ఒప్పుకోలేదు, సరేనని ఫ్రెంచ్ పిల్లలు పిల్లినీ, కుక్కనీ పిలవడానికి వాడే ముద్దుమాటలు పెట్టాడు. ఒంటినిండా పచ్చబొట్లు, సరస్సు ఒడ్డున ఖాకీ లంగా లాంటిది కట్టుకుని తిరిగేవాడు. బోట్లు ఇంగ్లండ్ నుంచి కేప్‌టౌన్, అక్కణ్ణుంచి రైలు, తర్వాత రైలు లేనిచోట ఆవిరి ట్రాక్టర్లు, ఎద్దులు, మనుషులతో మిటుంబా కొండల మీదుగా లాగి, మళ్ళీ నది, మళ్ళీ రైలు, అలా సరస్సు చేరాయి. 1915 డిసెంబర్ 26న ‘కింగాని’ని పట్టుకున్నారు, 1916 ఫిబ్రవరి 9న ‘హెడ్విగ్’ని ముంచారు. నవలలో ఉన్న అసాధ్యమైన ప్రయాణం, చిన్న బోటు పెద్ద ఓడని వేటాడటం ఇక్కడ కనిపిస్తాయి. నిజం చూస్తే సినిమా కన్నా విచిత్రంగా ఉంది.

ముగింపు ఎందుకు మారింది

నవల చివర్లో ‘ఆఫ్రికన్ క్వీన్’ తుఫానులో మునిగిపోతుంది, టార్పెడోలు పేలవు, ఇద్దర్నీ జర్మన్లు పట్టుకుని బ్రిటిష్ వాళ్ళకి అప్పగిస్తారు, అసలు యుద్ధం నేవీ బోట్లే చేస్తాయి. అది నిజానికి దగ్గరగా ఉన్న ముగింపు. సినిమాకి అది పనికిరాదు, గంటన్నర సేపు ఈ ఇద్దరూ పడ్డ కష్టం చూశాక ఇంకెవరో వచ్చి ఓడని ముంచితే ప్రేక్షకుడు ఊరుకోడు.

అందుకని సినిమాలో లాంచీ బోల్తాపడుతుంది, ఇద్దరూ దొరికిపోతారు, లూయిసా ఓడ మీదే వాళ్ళకి ఉరిశిక్ష వేస్తారు, చివరి కోరిక ఏంటంటే మాకు పెళ్ళి చేయమని అడుగుతారు. కెప్టెన్ రెండు ముక్కల్లో పెళ్ళి చేసి, అదే గొంతుతో ఇక ఉరి కానివ్వండి అంటాడు. ఇంతలో తలకిందులై తేలుతున్న లాంచీ మీదకి లూయిసా వచ్చి గుద్దుకుంటుంది. అప్పట్లో హాలీవుడ్‌లో సెన్సార్ నియమావళి గట్టిగా ఉండేది, పెళ్ళికాని జంట పడవలో కలిసి ఉండటం దానికి ఇబ్బంది. ఈ పెళ్ళితో ఆ ఇబ్బంది తీరింది, జోకూ కుదిరింది. యాదృచ్ఛికం ఎక్కువైంది అనే విమర్శ ఉంది, అది సబబే, కానీ ఇద్దరూ చేసిన టార్పెడోయే పేలింది కాబట్టి పని వాళ్ళదే అన్న తృప్తి మిగులుతుంది.

తెర మీద లేనివాళ్ళు

ఈ సినిమాలో పెద్ద లోటు ఒకటుంది. ఊరు ఆఫ్రికావాళ్ళది, తగలబడింది వాళ్ళ ఇళ్ళు, మాటలున్న పాత్ర ఒక్కటీ వాళ్ళలో లేదు. మొదటి సీన్‌లో పాట అర్థంకాక ఏదో అరిచే జనంగా, చార్లీ పారేసిన చుట్టముక్క కోసం కొట్టుకునే జనంగా కనిపిస్తారు, తర్వాత మాయమైపోతారు. 1951 నాటి చూపు అది అని చెప్పి వదిలేయొచ్చు గానీ, అసలు ఆ యుద్ధం ఎవరి భుజాల మీద నడిచిందో తెలిస్తే ఈ ఖాళీ ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. బండ్లు పోలేని, పశువులు బతకలేని ఆ అడవుల్లో తిండి, మందుగుండు మోసింది లక్షలమంది ఆఫ్రికన్ కూలీలు, బ్రిటిష్ వైపు మోసినవాళ్ళలో చనిపోయినవాళ్ళే లక్షకి దగ్గర ఉంటారని చరిత్రకారుల లెక్క, ఎక్కువమంది జబ్బులతో, ఆకలితో.

ఇండియా నుంచి వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు. సినిమా కథ జరిగిన రెండు నెలలకే, 1914 నవంబర్‌లో, జర్మన్ ఈస్ట్ ఆఫ్రికాలోని టాంగా రేవులో దిగిన బ్రిటిష్ దళంలో ఎక్కువభాగం భారత సిపాయిలు. అందులో పాత మద్రాసు సైన్యానికి చెందిన పాలంకోట లైట్ ఇన్‌ఫాంట్రీ ఉంది, పాత హైదరాబాద్ కంటింజెంట్ నుంచి వచ్చిన 98వ పటాలం ఉంది. తమకంటే చాలా చిన్న జర్మన్ దళం చేతిలో దారుణంగా ఓడిపోయారు, తుపాకీ మోతకి చెదిరిన తేనెటీగలు వచ్చి మీద పడటంతో అది తేనెటీగల యుద్ధంగా కూడా పేరు పడింది. 

తర్వాత ఏమైంది

సినిమా ప్రభావం వెంటనే కనిపించింది. 1955లో డిస్నీలాండ్ తెరిచినప్పుడు పెట్టిన జంగిల్ క్రూజ్ బోట్లకి ఈ లాంచీయే స్ఫూర్తి, ఆ రైడ్ మీద 2021లో ఒక సినిమా కూడా వచ్చింది. పడని జంటని కష్టమైన దారిలో వేసి నవ్వించడం తర్వాత హాలీవుడ్‌కి ఒక అలవాటైంది, అయితే చాలావాటిలో జంట అందంగా, కుర్రగా ఉంటుంది, దెబ్బలు తగలవు, అందుకే ఆ నవ్వు ఇంత లోతుకి పోదు. 1994లో అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీలో దీన్ని చేర్చారు. 1999లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పాతతరం తారల లిస్టు వేస్తే మగవాళ్ళలో మొదటి పేరు బోగార్ట్, ఆడవాళ్ళలో హెప్‌బర్న్, ఆ ఇద్దరూ కలిసి నటించింది ఈ ఒక్క సినిమాలోనే. ఇంత పేరున్నా అమెరికాలో సరైన డీవీడీ 2010 దాకా రాలేదు, మూడు నెగటివ్‌లనీ స్కాన్ చేసి రంగులు మళ్ళీ కలిపాకే వచ్చింది, ఇప్పుడు చూసేవాళ్ళు ఆ కాపీయే చూడటం మంచిది, పాత కాపీల్లో అడవి అంతా గోధుమరంగు ముద్దలా ఉంటుంది.

తెర మీద నడిచిన లాంచీ ఇప్పుడు ఫ్లోరిడాలోని కీ లార్గోలో ఉంది, బాగుచేసి టూరిస్టుల్ని తిప్పుతున్నారు. జర్మన్ ఓడ గోట్సెన్ కథ ఇంకోలా నడిచింది. 1916 జూలైలో శత్రువుకి దక్కకూడదని జర్మన్లే దాన్ని ముంచేశారు, కానీ ముంచే ముందు ఇంజనీర్లు ఇంజన్లకి దట్టంగా గ్రీజు పట్టించారు, ఎప్పటికైనా పైకి తీస్తారేమో అని. 1924లో బ్రిటిష్ వాళ్ళు పైకి తీశారు, ఇంజన్లు బాగానే ఉన్నాయి. 1927లో ‘లియెంబా’ అని పేరు మార్చి నీళ్ళలోకి వదిలితే, ఆ తర్వాత దశాబ్దాల తరబడి టాంగన్యికా ఒడ్డునున్న ఊళ్ళ మధ్య జనాన్నీ, ఎండుచేపల బస్తాల్నీ, కోళ్ళ బుట్టల్నీ మోస్తూ తిరిగింది.